సికింద్రాబాద్ నుంచి తఖ్తె జంషీద్ దాకా

"మీది ఏ షహర్, ఆగా?"

షీరాజ్‌లో బస్సు ఎక్కగానే మా గైడ్ ఖానుమ్ నన్ను అడిగిన తొలి సవాల్ ఇది. హైదరాబాద్ అంటే సరిపోయేది. నేను పనిగట్టుకుని "సికింద్రాబాద్" అన్నాను. ఆమె మొహం కాస్త ముడుచుకుంది. "ఇస్కందర్ పేరు మీద ఊరా? ఇవాళ మనం వెళ్తున్నది ఆయన తగలబెట్టిన చోటికే" అని నవ్వి, తర్వాతి సీటు వైపు వెళ్లిపోయింది.

మా ఖాఫిలాలో తెలుగువాళ్లం ఏడుగురం. తెహ్రాన్, షీరాజ్, యజ్ద్, ఇస్ఫహాన్, మళ్లీ తెహ్రాన్. పది రోజుల సఫర్. పురాతన ఇరాన్ ఆసార్‌లను, అంటే పాత కట్టడాల ఆనవాళ్లను చూపిస్తామన్న టూర్ అది. నా పక్క సీట్లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన. మంచి మనిషి. విమానం దిగిన రోజే నా భుజం తట్టి, "మొత్తానికి మీ వాళ్ల దేశానికి వచ్చేశాం కదండీ" అన్నారు. అందులో కపటం ఏమీ లేదు. అయినా ముల్లులా గుచ్చుకుంది. మా అబ్బా పుట్టింది, వాళ్ల అబ్బా పుట్టింది, నేను పుట్టింది తెలంగాణలో. ఇరాన్‌లో నాకు ఒక్క చుట్టం లేడు.

కానీ నిజం దాచకూడదు. షీరాజ్ బజార్లో బోర్డులు చదువుతుంటే నాకు ఈద్ ముందు రాత్రిలా అనిపించింది. నాన్, ఆబ్, గోష్త్, దర్వాజా, మైదాన్, తాతీల్. ఉర్దూ మీడియంలో పదేళ్లు చదివిన హర్ఫ్‌లన్నీ గోడల మీద కూర్చుని నన్ను పలకరించాయి. నేను చదివి చెబుతుంటే మాస్టారు, "అరె, ఇది మన బజారు, ఇది మన గులాబి, ఇది మన దరఖాస్తు, ఇది మన దస్తావేజు" అని తెలుగు మాటలు ఏరుకోవడం మొదలుపెట్టారు. మీ వాళ్ల దేశం కాస్తా అక్కడే కొంచెం మెత్తబడింది.

షీరాజ్ నుంచి అరవై కిలోమీటర్లు వెళ్తే తఖ్తె జంషీద్. ప్రపంచం పర్సెపోలిస్ అంటుంది. క్రీ.పూ. 518 ప్రాంతంలో హఖామనీషీ బాద్షా దారా, అంటే మన పాఠ్యపుస్తకాల డేరియస్, పునాది వేయించాడు. కొడుకు ఖషాయార్షా, ఆయన తర్వాతివాళ్లు కట్టుకుంటూ పోయారు. యునెస్కో 1979లోనే దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కొండ పాదం దగ్గర కోసి, నింపి, చదును చేసిన పెద్ద రాతి అరుగు. దాని పైన మహళ్లు. ఎక్కడానికి 111 మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తు పది సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. అంబారీ లాంటి దుస్తుల్లో వచ్చే మెహమాన్లు ఆయాసపడకుండా, దర్జా తగ్గకుండా ఎక్కాలని అలా కట్టారంటారు. మోకాళ్ల నొప్పులున్న మాస్టారు ఇరవై ఐదు శతాబ్దాల కిందటి ఆ ఇంజినీర్‌కు అక్కడికక్కడే దువా ఇచ్చారు.

మెట్లెక్కగానే సమస్త జాతుల దర్వాజా. మనిషి తలకాయ, ఎద్దు ఒళ్లు, రెక్కలు ఉన్న రాతి కాపలాదార్లు. వాటి మీద వచ్చిపోయినవాళ్లు చెక్కుకున్న పేర్లు. అందులో ఒకటి చూసి ఆగిపోయాను. స్టాన్లీ, న్యూయార్క్ హెరాల్డ్, 1870. ఆఫ్రికా అడవుల్లో లివింగ్‌స్టన్‌ను వెతికిపట్టిన ఆ స్టాన్లీయే. మా బిరాదరీ వాడు, జర్నలిస్టు. బైలైన్ పిచ్చి ఎంత పాతదో అక్కడ తెలిసింది.

అసలు చూడాల్సింది అపాదానా. దర్బారు హాలు. 72 స్తంభాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నవి 13. తల ఎత్తి చూస్తే టోపీ జారిపోయేంత ఎత్తు, దాదాపు ఇరవై మీటర్లు. కానీ నన్ను కట్టిపడేసింది పైకి చూడాల్సినవి కావు, కంటి ఎత్తులో మెట్ల పక్క గోడ మీద ఉన్న చెక్కడాలు. సల్తనత్‌లోని 23 జాతుల వాళ్లు కానుకలతో వస్తున్నారు. ఒక్కో బృందం ముందు ఆస్థాన ఉద్యోగి ఒకడు ఆ బృందం పెద్దను చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నాడు. గొలుసులు లేవు, మోకరిల్లడాలు లేవు, కొరడాలు లేవు. కప్పం కప్పమే అనుకోండి. రాజు గారు తన గురించి తాను చెక్కించుకున్న తస్వీర్ ఇది, ప్రజలు చెక్కింది కాదు. అయినా ఓడినవాళ్లను కాళ్ల కింద వేసి తొక్కినట్టు చూపించుకున్న అస్సీరియా గోడలతో పోలిస్తే, చెయ్యి పట్టుకోవడం అనేది ఒక ఖయాల్. అలా కనపడాలని ఆ బాద్షాకు అనిపించింది, అది చాలు.

ఆ వరసలో ఖానుమ్ ఒక చోట వేలు పెట్టింది. "హిందూష్" అంది. ముందు ఒళ్లంతా పంచెలాంటిది కప్పుకున్న పెద్దమనిషి. వెనక మొండెం మీద గుడ్డ లేనివాళ్లు, నడుముకు చిన్న పంచె. ఒకడు గాడిదను తోలుతున్నాడు. ఒకడి చేతుల్లో గొడ్డళ్లు. ఇంకొకడి భుజం మీద...

"కావడి!" అని అరిచారు మాస్టారు. "ఇదిగో మనవాళ్లు! చూడండి, అచ్చం కావడే!"

అచ్చం కావడే. బద్దకు రెండు వైపులా వేలాడుతున్న బుట్టలు, వాటిలో చిన్న సంచులు. బంగారు రజను అయి ఉంటుందని పండితుల మాట. దారాకు అందరికంటే ఎక్కువ పన్ను కట్టింది హింద్ వాళ్లేనని, అది కూడా బంగారు రజనులోనని గ్రీకు తారీఖ్‌దాన్ హెరొడోటస్ రాశాడు. ఈ హిందూష్ అంటే సింధూనది ప్రాంతం. మన గోదావరి, కృష్ణల దాకా ఆ సల్తనత్ ఎప్పుడూ రాలేదు. అందుకని 'మనవాళ్లు' అనడం కాస్త సాగదీసిన మాటే. నేను మాస్టారిని సరిదిద్దలేదు. రెండు రోజుల క్రితం మీ వాళ్లన్న మనిషి ఇప్పుడు నన్ను కలుపుకుని మనవాళ్లంటున్నాడు. ఎందుకు సరిదిద్దుతాను?

ఆ మాట పక్కనే ఉన్న నఖ్షె రుస్తుమ్‌లో మళ్లీ కనిపించింది. నిట్టనిలువు కొండకు తొలిచిన నాలుగు షాహీ మఖ్బరాలు. అందులో దారాది ఏదో తేల్చి చెప్పేది దాని మీది శాసనమే. తన కింద ఉన్న దేశాల జాబితాలో ఆయన హిందూష్‌ను కూడా లెక్కపెట్టాడు. మన సింధు వాళ్ల నోట్లో హిందు అయింది. 'స'కారం 'హ'కారం కావడం వాళ్ల జబాన్ గుణం. హింద్, హిందీ, హిందుస్తాన్, హిందూ. ఈ మాటలు రాతి మీద కనబడే అతి పాత చోట్లు ఈ బాద్షా శాసనాలే. ఆ కొండ కింద నిలబడి, ఇంటి దగ్గర టీవీ డిబేట్లు గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాను.

సికందర్ సంగతి చెప్పాలి. క్రీ.పూ. 330లో ఇక్కడికొచ్చాడు. ఖజానా మోయడానికి పదివేల జతల కంచరగాడిదలు, ఐదువేల ఒంటెలు కావాల్సి వచ్చాయని ప్లూటార్క్ రాశాడు. తర్వాత మహళ్లకు నిప్పు పెట్టారు. ఏథెన్స్ నాట్యకత్తె థాయిస్ మందు మత్తులో ఉసిగొల్పిందని కొందరు, ఖషాయార్షా ఏథెన్స్‌ను కాల్చినందుకు బదులా అని ఇంకొందరు. మజూసీలు, అంటే జర్తుష్త్ మజహబ్ వాళ్లు, తమ కితాబుల్లో ఆయన్ని మల్‌ఊన్ అని, శాపగ్రస్తుడని తిట్టారు. ఫిర్దౌసీ షాహ్‌నామాలో అదే సికందర్ ఇరాన్ షాహీ రక్తం పంచుకున్న బాద్షా. ఇక మన దగ్గర సికందర్ అంటే కిస్మత్ ఉన్నవాడు. అమితాబ్ బచ్చన్ సినిమా పేరులో కూడా అదే అర్థం. ఒకే మనిషి, మూడు ఇళ్లల్లో మూడు మొహాలు.

బాద్షాల కన్నా నాకు నచ్చినవాళ్లు అక్కడ వేరే ఉన్నారు. 1933లో అరుగు మూల గోడలో వేలకొద్దీ మట్టి పలకలు బయటపడ్డాయి. ఈలామీ భాషలో రాసిన హిసాబ్-కితాబ్. క్రీ.పూ. 509 నుంచి 493 దాకా ఎవరికి ఎంత బార్లీ, ఎంత ద్రాక్షసారా ఇచ్చారో లెక్క. కూలీలు, రాతిపనివాళ్లు, గొర్రెల కాపర్లు, ప్రయాణికులు. హిందూష్ వైపు నుంచి వస్తున్న ముసాఫిర్లకు దారి బత్తెం కూడా ఉంది. ఆడ పనివాళ్ల మేస్త్రీలకు మామూలు మగ కూలీల కంటే ఎక్కువ రేషన్ ఉంది. కాన్పు అయిన తల్లికి అదనపు రేషన్ ఉంది. కానీ మగబిడ్డ పుడితే ఇచ్చేదానిలో ఆడబిడ్డ పుడితే సగమే! మాస్టారి భార్య ఇది విని, "అప్పటికే మొదలైందన్నమాట" అని మూతి తిప్పారు. పలకలను చదవడానికని 1930ల్లో షికాగో యూనివర్సిటీకి అప్పుగా పంపారు. తర్వాత ఇరాన్ ప్రభుత్వం మీద అమెరికాలో కోర్టు తీర్పు గెలుచుకున్నవాళ్లు నష్టపరిహారం కింద వాటిని జప్తు చేయించబోతే, వీల్లేదని అమెరికా సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బాలింతల రేషన్ చీటీలు అంత దూరం వెళ్లి, అంత పెద్ద కోర్టు చూశాయి.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. పేర్ల గురించి.

తఖ్తె జంషీద్‌కూ జంషీద్‌కూ ఏ సంబంధమూ లేదు. జంషీద్ షాహ్‌నామాలో ఉన్న దాస్తాన్ బాద్షా. నఖ్షె రుస్తుమ్‌కూ రుస్తుమ్‌కూ సంబంధం లేదు. అక్కడ కొండ మీద గుర్రమెక్కి ఉన్నది సాసానీ బాద్షా షాపూర్. 260లో పట్టుబడిన రోమ్ చక్రవర్తి వాలేరియన్ ఆయన ముందున్నాడు. జనానికి ఆ లిపులు రావు, ఆ పేర్లు తెలియవు. మేకు రాతను 1802లో గ్రోటెఫెండ్ అనే జర్మన్ మాస్టారు విప్పడం మొదలుపెట్టేదాకా దారా రాసింది దారా ప్రజల వారసులే చదవలేకపోయారు. తెలియనిదానికి తెలిసిన పెద్దవాళ్ల పేర్లు పెట్టుకున్నారు. ఇంత పెద్ద రాళ్లు ఎత్తాలంటే జంషీద్ అయినా అయ్యుండాలి, జిన్నాతులను నౌకర్లుగా పెట్టుకున్న హజ్రత్ సులేమాన్ అయినా అయ్యుండాలి. ఇద్దరూ ఒక్కరేనని నమ్మినవాళ్లు ఉన్నట్టు పదో శతాబ్దపు భూగోళ పండితులే రాశారు.

ఇది జహాలత్ అని కొట్టేయవచ్చు. నాకు అలా అనిపించదు. దారా కట్టించిన చిన్న మహల్‌లో నున్నటి రాయి మీద కూఫీ ఖత్‌లో ఒక రాత ఉంది. హిజ్రీ 344, అంటే 955లో, బువైహీ అమీర్ అజుదుద్దౌలా అక్కడికొచ్చి, పాత రాతలను ఒక మజూసీ మోబద్ చేత చదివించుకుని విన్నానని చెక్కించాడు. సాసానీ కాలపు పహ్లవీ రాతలను అప్పటికి ఇంకా చదవగలిగినవాళ్లున్నారు. ముసల్మాన్ హాకిం ఒకడు, మజూసీ పూజారి ఒకడు, విరిగిన గోడ ముందు పక్కపక్కన నిలబడి పాత కాలం మాట వింటున్నారు. దాని తర్వాత 1423లో తైమూర్ మునిమనవడు కాదు, మనవడే, షీరాజ్ గవర్నర్ ఇబ్రాహీం సుల్తాన్, మంచి ఖుష్‌నవీస్, తన రాత చెక్కాడు. స్టాన్లీలా దర్వాజా మీద గీకడం కాదిది. మాది కూడా ఇదే ఖానదాన్ అని చెప్పుకోవడం.

పసర్గాద్‌లో ఈ సంగతి ఇంకా బలంగా తగిలింది. గంట పైన ప్రయాణం. మైదానంలో ఒంటరిగా, ఆరు అంతస్తుల మెట్ల అరుగు మీద చిన్న రాతి ఇల్లు. మొత్తం పదకొండు మీటర్ల ఎత్తు. క్రీ.పూ. 530లో చనిపోయిన కురోష్, అంటే సైరస్, ఖబర్ ఇది. హఖామనీషీ సల్తనత్‌కు పునాది వేసినవాడు. కానీ శతాబ్దాల పాటు దీని పేరు మష్హదె మాదరె సులేమాన్, సులేమాన్ తల్లి మజార్. 1474లో వచ్చిన వెనిస్ రాయబారి బార్బరో అదే పేరు రాసుకున్నాడు. 1809లో జేమ్స్ మోరియర్ అనే ఆంగ్లేయుడు లోపలికి పోబోతే, ఆడవాళ్లకు తప్ప ప్రవేశం లేదన్నారు. ఆడవాళ్లు నజర్లు పెట్టుకునేవాళ్లు, గుడ్డ పీలికలు కట్టేవాళ్లు. మా నానీమా దర్గా జాలీకి కట్టినట్టే.

13వ శతాబ్దంలో ఫార్స్‌ను ఏలిన సల్గురీ అతాబేగ్‌లు సులేమాన్ ముల్క్‌కు వారిస్‌లమని బిరుదు పెట్టుకున్నారు. షేక్ సాదీ తఖల్లుస్‌లోని 'సాద్' ఆ వంశపు పేరే. గులిస్తాన్ కథలు విన్న ఉర్దూ మీడియం పిల్లలకు వాళ్లు అంత పరాయివాళ్లు కాదు. వాళ్లు ఈ ఖబర్ చుట్టూ మస్జిద్ కట్టారు. దానికి స్తంభాలు ఎక్కడివి? పక్కనే పడిపోయి ఉన్న కురోష్ మహళ్లవి. ఖబర్ లోపలి గోడకు ఒక మెహ్రాబ్ చెక్కారు. అది ఇప్పటికీ ఉంది.

మస్జిద్ మాత్రం లేదు. 1971లో షా మొహమ్మద్ రజా పెహ్లవీ ఇరాన్ రాచరికానికి 2500 ఏళ్ల జష్న్ చేశాడు. పర్సెపోలిస్ పక్కన గుడారాల నగరం వేయించి, పారిస్ నుంచి వంట తెప్పించి, దేశదేశాల రాజులకు విందు పెట్టాడు. జష్న్ మొదలుపెట్టింది ఈ ఖబర్ ముందు నిలబడి కురోష్‌ను ఉద్దేశించి తఖ్రీర్ చేసి. ఆ సన్నాహాల్లోనే మస్జిద్ స్తంభాలను తీసి మళ్లీ మహళ్ల దగ్గరికి చేర్చారు.

"అది తప్పా, ఒప్పా?" అని ఖానుమ్‌ను అడిగాను.

"ఆ స్తంభాలు మహల్‌వే కదా ఆగా. ఎక్కడివి అక్కడికి వెళ్లాయి" అంది.

ఆమె జవాబులో న్యాయం ఉంది. కానీ నా మనసు ఒప్పుకోలేదు. మహల్ స్తంభంగా ఆ రాయి ఎంతకాలం నిలబడిందో, మస్జిద్ స్తంభంగా అంతకంటే తక్కువేమీ నిలబడలేదు. ఏడు వందల ఏళ్ల ఉమర్ దానిది. ఆ మస్జిద్, ఆ తప్పుడు పేరు, ఆ గుడ్డ పీలికలు లేకపోతే ఈ ఖబర్ రాళ్లు ఏ కోట గోడలోకో ఎప్పుడో వెళ్లిపోయేవి. మన అమరావతి స్తూపం గుర్తొచ్చింది. దీపాలదిన్నె అన్న పేరు మిగిలింది గానీ, ఆ దిన్నె మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు మిగల్లేదు. 1797 ప్రాంతంలో ఊరు కట్టుకోవడానికి జమీందారు మనుషులు తవ్వి రాళ్లు తీసుకుపోతుంటే అడ్డం పడినవాడు లేడు. ఇక్కడ సులేమాన్ తల్లి అడ్డం పడింది.

షా గారి తర్వాత రెండో వైపు నుంచి వచ్చారు. 1979 ఇన్‌ఖలాబ్ వేడిలో అయతుల్లా ఖల్ఖాలీ, కురోష్ ఒక అబద్ధమని, జాలిమ్ అని కితాబ్ రాసినవాడు, తఖ్తె జంషీద్‌ను నేలమట్టం చేయించబోయాడని, స్థానిక జనం, ఫార్స్ గవర్నర్ అడ్డుకున్నారని చెబుతారు. ఒకాయనకు మస్జిద్ పొర అక్కర్లేదు. ఇంకొకాయనకు మహల్ పొర అక్కర్లేదు. 2016 అక్టోబర్లో కురోష్ పేరు మీద వేలమంది ఇక్కడ గుమిగూడితే అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత ఆ తేదీ దగ్గరపడితే దారులు మూసేస్తున్నారు. ఖానుమ్ ఈ విషయం బస్సులో గొంతు తగ్గించి చెప్పింది.

ఖబర్‌కు కొంచెం దూరంలో, ఒక పాత దర్వాజా రాతి మీద నాలుగు రెక్కల మనిషి ఉన్నాడు. తల మీద ఈజిప్టు తరహా కిరీటం, దాని అడుగున అటూ ఇటూ సాగిన రెండు కొమ్ములు. దీన్ని చూడాలనే నేను ఈ టూర్‌కు డబ్బు కట్టానంటే అతిశయోక్తి కాదు. స్కూల్లో మా దీనియాత్ ఉస్తాద్ సూరా కహఫ్ చెబుతూ జుల్‌ఖర్నైన్ దగ్గర ఆగేవారు. రెండు కొమ్ములవాడు. సికందరేనని చాలామంది ముఫస్సిర్లు రాశారు. "కానీ మౌలానా ఆజాద్ ఒప్పుకోలేదు" అని ఉస్తాద్ గొంతు పెంచేవారు. అబుల్ కలాం ఆజాద్ తర్జుమానుల్ ఖుర్ఆన్‌లో జుల్‌ఖర్నైన్ అంటే కురోష్ అని వాదించారు. ఆయన చూపిన దలీళ్లలో ఈ కొమ్ముల తస్వీర్ ఒకటి. ఆ వాదన ఫార్సీలోకి వెళ్లి ఇరాన్‌లోనూ చదివించుకుంది. పండితులందరూ అంగీకరించారని కాదు, ఆ బొమ్మ కురోష్‌దే కాదనేవాళ్లూ ఉన్నారు. నాకు ముఖ్యమైంది వేరు. హిందుస్తాన్ ఆలిమ్ ఒకరు, మట్టిలో కూరుకుపోయిన ఒక ఇరానీ బాద్షాకు ఖుర్ఆన్‌లో చోటు వెతికారు.

యజ్ద్ గురించి రెండు ముక్కలే. ఆతష్‌కదాలో నిప్పు పదిహేను వందల ఏళ్లుగా ఆరలేదంటారు. అద్దం వెనక నుంచి చూశాం. మా హైదరాబాద్ ఇరానీ హోటళ్ల పెద్దలు చాలామంది యజ్ద్ వైపు వాళ్లేనని వినడమే కదా, ఆశగా చాయ్ అడిగాను. పాలు లేని ఎర్ర చాయ్, పంటి కింద పెట్టుకోవడానికి ఖంద్ ముక్క. ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు! ఇస్ఫహాన్ అందం మీకందరికీ తెలిసిందే. అది నాలుగు వందల ఏళ్ల కిందటి ముచ్చట, ఇక్కడ దాని పని లేదు.

తిరుగు ప్రయాణంలో మాస్టారికి మన దక్కన్ సంగతి చెప్పాను. 1347లో దౌలతాబాద్‌లో తఖ్త్ ఎక్కిన హసన్ తనను తాను బహ్మన్ షా అన్నాడు. షాహ్‌నామాలోని ఇస్ఫందియార్ కొడుకు బహ్మన్ తన పూర్వీకుడని ఆస్థానంలో నసబ్‌నామా రాయించుకున్నారు. కాదు, గంగూ అనే బ్రాహ్మణ యజమాని పేరు మీద ఆ మాట వచ్చిందని ఫరిష్తా ఒక కథ రాశాడు. తారీఖ్‌దాన్‌లు దాన్ని నమ్మరు. రెండూ అబద్ధమే అయినా, రెండు అబద్ధాలూ ఒకే ఇంట్లో కాపురం చేయడం నాకు నచ్చుతుంది. గోల్కొండను ఏలిన రెండో కుతుబ్ షాహీ పేరు జంషీద్. "అంటే తఖ్తె జంషీద్ మన దగ్గరా ఉందన్నమాట" అన్నారు మాస్టారు.

తెహ్రాన్ ఎయిర్‌పోర్టులో ఖానుమ్‌కు ఖుదా హాఫిజ్ చెబుతూ, మా ఊరు ఇస్కందర్ పేరు మీద కాదని, మూడో నిజాం సికందర్ జాహ్ పేరు మీద 1806లో పెట్టిందని వివరణ ఇచ్చుకున్నాను. ఆమె ఆలోచించింది.

"జాహ్ మా మాటే. అది ఉంచుకోండి. సికందర్‌ను తీసేయండి."

"రైల్వే వాళ్లు ఒప్పుకోరు, ఖానుమ్" అన్నాను.